రెండు కిలోమీటర్ల కోడిపులుసు

ముప్పై రెండేండ్లు నేను బస్సు టికెట్ల ధరల పట్టికలు రాశాను. అన్నేండ్లలో ఒక్కసారైనా సొంత డబ్బుతో టికెట్ కొన్న పాపాన పోలేదు. జేబులో స్టాఫ్ పాసు ఉండేది. ఉప్పెంత పడిందో చూసుకోని వంటవాడికి ఊరి పెండ్లి అప్పజెప్పినట్టు, జిల్లాలో సగం రోడ్లను నా చేతిలో పెట్టారు.

ఈ మధ్య డిపోలో ట్రాఫిక్ సెక్షన్‌కు కొత్తగా వచ్చిన ఇద్దరు ఉద్యోగులు కల్లూరులో మా ఇంటికి వచ్చి, "మద్దిలేటి సార్, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయో లేదో తెలియదు. ప్రమోషన్ల గురించి మాత్రం రాయను. అవి నాకు వచ్చిన తీరు చూసి మీరు చెడిపోయే ప్రమాదముంది. నాకు బాగా గుర్తున్నవి మూడు: ఒక జీపు, ఒక సైకిల్ రిమ్ము, ఒక కోడి. వాటి గురించే రాస్తాను.

నా పట్టిక నాకే అర్థం కాలేదు

రిటైరైన నెలకు మా ఆవిడ సుశీలతో కలిసి కల్లూరులో బస్సెక్కాను. కర్నూలు పెద్ద బస్టాండు దాకా పోవాలి. మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. పక్కనే షేర్ ఆటోవాడు "రాండి, రాండి, పది రూపాయలే" అని అరుస్తున్నా వినిపించుకోలేదు. ముప్పై రెండేండ్లు బస్సుల ఉప్పు తిన్నవాణ్ణి, ఆటో ఎక్కుతానా?

కండక్టరు వచ్చాడు. సుశీల ఆధార్ కార్డు చూపించింది. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఉచితం కదా, సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. నేను దర్జాగా రిటైర్డ్ పాసు తీశాను.

"ఇది ఈ బస్సుకు చెల్లదు సార్. ఇది ఎక్స్‌ప్రెస్."

"ఎక్స్‌ప్రెస్ అయితే కల్లూరులో ఎందుకు నిలబెట్టావప్పా?"

"చెయ్యెత్తినారు గదా సార్, నిలబెట్టినా."

ఫలానా సర్క్యులర్ ప్రకారం చెల్లుతుందన్నాను. ఆ సర్క్యులర్ ముసాయిదా రాసింది నేనే. అయితే అందులో "మినహా" అనే మాట ఎన్నిసార్లు వాడానో మరిచిపోయాను. "నాకేం తెల్దు సార్, మిషన్‌లో అట్లనే ఉండాది" అని కండక్టరు నాకు ఎక్స్‌ప్రెస్ మినిమం టికెట్ కొట్టాడు. ఆటోవాడు అడిగినదానికి అది రెండింతలు. చిల్లర తర్వాత ఇస్తానన్నాడు. ఇవ్వలేదు.

సుశీల తన సున్నా టికెట్‌ను పర్సులో భద్రంగా దాచుకుంటూ, "మీరు రాసిన లెక్కలే గదండీ?" అంది. బస్టాండు దాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

స్టేజీ అంటే

బయటివాళ్లు కూడా చదవొచ్చు కాబట్టి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. బస్సు పోయే దూరాన్ని మేము ముక్కలుగా కోస్తాం. ఒక్కో ముక్కను స్టేజీ అంటాం. మా దారిలో అది ఐదు కిలోమీటర్లు. మీరు దిగే ఊరు ముక్క మొదట్లో ఉన్నా చివర్లో ఉన్నా ధర ఒకటే. అందుకే ముక్క ఎక్కడ తెగుతుందన్నది ముఖ్యం. అది ఊరు దాటాక తెగితే ఆ ఊరివాళ్లు బతికిపోతారు. ఊరికి ఇవతలే తెగితే, మిగిలిన కొంచెం దూరానికి ఇంకో ముక్క ధర మొత్తం కట్టాలి. ఎక్కడ కోయాలో గీత గీసేవాణ్ణి నేను.

వెంకటసుబ్బయ్య సారు నేర్పిన విద్య

నాకు పని నేర్పిన పై అధికారి వెంకటసుబ్బయ్య సారు. మనిషి మంచివాడు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడగకుండానే సెలవు రాసిచ్చాడు. కానీ పని మాత్రం తప్పుడుది నేర్పాడు, నేనూ శ్రద్ధగా నేర్చుకున్నాను.

ఒకరోజు ఒక పెద్దమనిషి ఆఫీసుకు వచ్చి, కర్నూలు నుంచి కోడుమూరు పోతే ఒక ధర, కోడుమూరు నుంచి కర్నూలు వస్తే ఇంకో ధర ఎందుకని అడిగాడు. సారు ఆయనను కూర్చోబెట్టి, టీ తెప్పించి, అరగంట వివరించాడు. ఆయన తలూపుతూ విని, దండం పెట్టి వెళ్లిపోయాడు. "సార్, నాకూ అర్థం కాలేదు" అన్నాను.

"నాకు మాత్రం అయిందా?" అని నవ్వాడు సారు. "అర్థం కాలేదని చెప్పేదానికి మనిషి సిగ్గుపడతాడు మద్దిలేటీ. మన సెక్షనంతా ఆ సిగ్గు మీదనే నడుస్తాండాది."

ఆహా, ఎంత తెలివి అనుకున్నాను అప్పుడు. అర్జీలకు జవాబు రాయడం కూడా ఆయనే నేర్పాడు. "కుదరదు" అని రాయకూడదు, "కుదురుతుంది" అని అసలే రాయకూడదు. ఆయన చెబుతుంటే నేను ఒక వాక్యం తయారుచేశాను: "తమరి వినతి పరిశీలనలో ఉన్నది, తగు సమయమున తగు చర్య తీసుకొనబడును." దాన్ని చూసి సారు నా భుజం తట్టాడు. ఉద్యోగంలో నాకు దక్కిన పెద్ద మెచ్చుకోలు అదే.

జీపులో దూరం కొలిచిన రోజు

కోడుమూరు నుంచి ఆలూరు వైపు కొత్త ఆర్డినరీ సర్వీసు వేస్తున్నారు, స్టేజీలు నిర్ణయించి రమ్మని నన్ను పంపారు. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు కొన్ని పడిపోయాయి, కొన్నింటి మీద అంకెలు చెరిగిపోయాయి. జీపు మీటరే ఆధారం. కోడుమూరు బస్టాండులో మీటరు చూసి డైరీలో రాసుకున్నాను. ప్రతి ఐదు కిలోమీటర్లకూ జీపు ఆపి సున్నంతో గీత కొట్టాలి. పని ఇంతే. చిన్నపిల్లలు కూడా చేస్తారు.

డ్రైవరు ఖాసీం. నాకంటే పదేండ్లు పెద్ద. మే నెల ఎండ. జీపు టాపు పెనంలా కాలుతోంది. పన్నెండు దాటాక ఖాసీం మెల్లగా అన్నాడు, "సారూ, ఈడ లోపలికి కిలోమీటరు పోతే మా అత్తగారి ఊరు. పొద్దున్నే కబురు పంపినా."

అల్లుడు వచ్చాడు, వెంట ఆఫీసరు కూడా వచ్చాడు. ఇంకేముంది, నాటుకోడిని కోశారు. జొన్నరొట్టెలు, కోడిపులుసు, చెనిక్కాయల పొడి, పైన మజ్జిగ. ఆ పులుసు గురించి రాయడం మొదలుపెడితే ఆగలేను కాబట్టి రాయను. తిని, వేపచెట్టు కింద చాప మీద ఒక కునుకు తీసి, మళ్లీ రోడ్డెక్కాం.

మీటరు పదిహేను చూపించిన చోట ఒక కల్వర్టు ఉంది. చుట్టూ కంపచెట్లు తప్ప ఏమీ లేవు. దిగి దాని గోడ మీద గీత కొట్టబోతుంటే ఖాసీం జీపులోంచే అన్నాడు:

"సారూ, ఇంగొక కిలోమీటరు పోతే సుంకనదొడ్డి వస్తాది. ఊరు దాటినాక కొడదాం గీత. పాపం, పేదోళ్లుంటారు."

నేను పెద్ద హరిశ్చంద్రుడిలా, "మీటరు మీటరే ఖాసీం. మన ఇష్టమా?" అన్నాను. గీత కొట్టేశాను.

అత్తగారి ఊరికి పోను ఒకటి, రాను ఒకటి, మొత్తం రెండు కిలోమీటర్లు మీటరులో తిరిగాయి. వాటిని తీసేయాలన్న సంగతి నాకు తట్టనే లేదు. కడుపు నిండా పులుసు, తల నిండా నిద్ర. నిజానికి కోడుమూరు నుంచి సుంకనదొడ్డి పద్నాలుగు కిలోమీటర్లు. మొదటి మూడు స్టేజీల లోపలే రావాలి. నా పట్టికలో పదహారు పడింది. ఆ ఊరికి దిగేవాళ్లంతా ఆరోజు నుంచి నాలుగో స్టేజీ ధర కట్టడం మొదలుపెట్టారు.

అర్థం కాలేదని చెప్పిన మనిషి

ఏడెనిమిదేండ్లు గడిచాయి. వెంకటసుబ్బయ్య సారు రిటైరై, ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ఒకరోజు ఒక మనిషి టైరు లేని సైకిల్ రిమ్మును భుజానికి తగిలించుకుని ఆఫీసులోకి వచ్చాడు. రిమ్ముకు ఒకచోట ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. పేరు లింగన్న. సుంకనదొడ్డి మనిషి. కోడుమూరు చెనిక్కాయల మండీలో హమాలీ. తెల్లారకముందు నుంచి మూటలు మోసి మధ్యాహ్నం బస్సెక్కుతాడు. పై స్టేజీ డబ్బు మిగులుతుందని కల్వర్టు దగ్గరే దిగి కిలోమీటరు నడుస్తాడు.

"సారూ, మీ లెక్కలో తప్పుండాది. రెండు కిలోమీటర్లు ఎక్కువేసినారు. నేను కొల్సినా."

"దేనితో?"

"దీంతోనే. ఎర్రగుడ్డ నూరుసార్లు నేలను తగిలినప్పుడల్లా ఒక చింతగింజ జోబీలో ఏసుకున్యా. కోడుమూరు బస్టాండు నుంచి మా ఊరి స్టాపు దాకా దొర్లించుకుంటా పోయినా."

నేను ఆయనను కూర్చోబెట్టాను, టీ తెప్పించాను, అరగంట వివరించాను. స్టేజీ, స్లాబు, రౌండింగు, సెస్సు, ఏదీ వదల్లేదు. లింగన్న శ్రద్ధగా విన్నాడు. విని, "నాకర్థం కాలేదు సారూ. మళ్లా సెప్పండి" అన్నాడు.

మళ్లీ చెప్పాను.

"ఇంగా అర్థం కాలేదు. నేను సదువుకోలేదు గదా, రవ్వ నిదానంగా సెప్పండి."

మా సారు విద్య అంతా ఆ ఒక్కమాట ముందు చిత్తయిపోయింది. ఆ మనిషికి సిగ్గులేదు. సిగ్గుపడాల్సిన పని ఆయనకు లేదని అప్పుడు నాకు తెలియదు. కోపమొచ్చి, "అర్జీ రాసిచ్చి పో" అన్నాను. ఎవరితోనో రాయించుకొచ్చి ఇచ్చిపోయాడు.

ఆయన పోయాక మనసు కుదరలేదు. బీరువాలోంచి పాత డైరీ తీశాను. అందులో నా చేతిరాతతోనే రోడ్డు దిగినప్పటి మీటరు అంకె ఉంది, మళ్లీ ఎక్కినప్పటి అంకె ఉంది. వాటి మధ్య "భోజనం" అని రాసి ఉంది. తేడా సరిగ్గా రెండు. ఛీ, ఎంత పని చేశాను అనుకున్నాను.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా చదవాల్సింది ఇక్కడే. పొరపాటు ఎవరైనా చేస్తారు. ఆరోజు నేను చేసింది పొరపాటు కాదు. ఒక్క కాగితం మీద "దూరం తప్పుగా నమోదైంది" అని రాస్తే ఆ గీత కదిలేది. ఎందుకు తప్పింది అని అడుగుతారు. కోడి తిన్నానని చెప్పాలి. సెక్షనంతా నవ్వుతుంది. ఆ నవ్వుకు జంకి డైరీని ఇంటికి తీసుకుపోయి ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టాను. లింగన్నకు జవాబు పంపాను: తమరి వినతి పరిశీలనలో ఉన్నది, తగు సమయమున తగు చర్య తీసుకొనబడును.

తర్వాత టికెట్ మిషన్లు వచ్చాయి. పాత పట్టికలనే వాటిలోకి ఎక్కించారు. దూరాలు మళ్లీ సరిచూద్దామా అని ఎవరో అడిగితే, "అవసరం లేదు, అన్నీ కొలిచినవే" అన్నది కూడా నేనే.

కల్వర్టు దగ్గర

ఈ ఏడు ఆలూరులో సుశీల చెల్లెలి కూతురి సీమంతానికి పోతూ కోడుమూరులో బస్సు మారాం. మిట్టమధ్యాహ్నం. కల్వర్టు దగ్గర బస్సు ఆగింది. మగవాళ్లు పదిమంది దాకా తువ్వాళ్లు తలకు చుట్టుకుని దిగుతున్నారు. ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. ఒకాయన కిటికీలోంచి భార్యకు సంచి అందించి, "నువ్వు పో, నేనొస్తా" అన్నాడు. ఆమె సున్నా టికెట్‌తో ఊళ్లోకి పోతుంది. ఆయన ఎండలో నడిచి వెనకాల పోతాడు.

సుశీల ఆశ్చర్యపోయి కండక్టరును అడిగింది, "ఏమప్పా, మగోళ్లంతా ఈ కంపల్లో దిగుతాండారెందుకు?"

"స్టేజీ ఈడికి అయిపోతాది అమ్మా. ఊర్లో దిగితే ఇంకో ఐదు రూపాయలు. పోనూ రానూ రోజూ పది. ఎవురన్నా ఉత్తపుణ్యానికి ఇస్తారా?"

"ఏ మహానుభావుడు పెట్టినాడో పాడు స్టేజీ!"

ఖాసీం అత్తగారింటి కోడి కథను సుశీలకు వందసార్లు చెప్పి నవ్వించాను. మీటరు సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. కిటికీలోంచి చూస్తే దిగినవాళ్లలో లింగన్న ఉన్నాడు. జుట్టు నెరిసింది, నడుము వంగింది. సుశీల వైపు తిరిగాను.

"ఆ స్టేజీ పెట్టింది నేనే సుశీలా. ఆ కోడి తిన్నరోజు. రెండు కిలోమీటర్లు తీసేయడం మరిచిపోయాను. తర్వాత, అదిగో ఆ నడుము వంగినాయన రిమ్ముతో కొలిచి వచ్చి అడిగితే, డైరీ చూసి తెలుసుకున్నాను. అయినా ఊరుకున్నాను."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆయప్పకు తెలుసా?"

"తెలియదు."

"దిగండి."

"మనది ఆలూరు టికెట్..."

"నాది సున్నా టికెట్టు. మీది మీరు ఎప్పుడో తినేసినారు. దిగండి ముందు!"

దిగాను. అరవై దాటిన మగవాణ్ణి పెండ్లాం బస్సులోంచి దింపేస్తే చూసే భాగ్యం ఆ బస్సువాళ్లకు దక్కింది. సుశీల అదే బస్సులో ఊళ్లోకి పోయింది.

లింగన్న నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెబితే గుర్తుపట్టి, "టీ తాపించినారు గదా సారూ" అన్నాడు. ఆ టీ గుర్తుంది ఆయనకు. నడుస్తూ మొత్తం చెప్పాను. అత్తగారి ఊరు, డైరీ, చీరల కింద పెట్టెలో దాచింది, ఏదీ వదల్లేదు. లింగన్న ఆగిపోయాడు.

"రెండేనా సారూ?"

"రెండే."

"నాకు రెండుకు రవ్వ తక్కువొచ్చినాది. గుంతలు తప్పించుకుంటా వంకరటింకర పోయినా గదా. అందుకుంటాది." మళ్లీ నడక మొదలుపెట్టి అన్నాడు, "ఊర్లో నన్ను చింతగింజల లింగన్న అంటారు సారూ. గవర్మెంటోళ్ల లెక్క తప్పు, హమాలోని లెక్క కరెక్టా అని ఒకటే నవ్వులు. మా ఇంటిది ఈరమ్మ గూడా నవ్వినాది. ఆ రిమ్మును పాతసామాన్లోనికి ఏసేదానికి ఎప్పుడూ సూస్తాంటాది. మీరొక్కసారి ఆమెకు సెప్పండి సారూ. నాకింగేం వద్దు."

ఆఫీసులో నవ్వుతారని నేను జంకిన నవ్వంతా ఇన్నేండ్లూ ఈయన ఒక్కడే భరించాడు. తల ఎత్తలేకపోయాను.

ఈరమ్మకు చెప్పే అవసరం లేకపోయింది. మేము స్టాపు చేరేసరికి సుశీల పక్కనే ఉన్న లింగన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఊరందరికీ చెప్పేసింది. కోడి సంగతి పులుసుతో సహా. ఈరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఏమప్పా సారూ, కోడి తిన్నావంట గదా?" అంది. అందరూ పడీపడీ నవ్వారు. వెనక నుంచి ఎవరో, "ఇన్నేండ్ల మా దుడ్లు ఎవురిస్తారు?" అన్నారు. తప్పు నాదేనని అందరి ముందూ గట్టిగా చెప్పి దండం పెట్టాను.

ఈరమ్మ ఇంటి వెనక్కి పోయి, మేకల కొట్టంలోంచి ఆ రిమ్మును తెచ్చింది. కొంగుతో దుమ్ము తుడిచింది. పంచలో దండెం పక్కన మేకుకు తగిలించింది. ఎర్రగుడ్డ రంగు వెలిసిపోయి అలాగే ఉంది. లింగన్న దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు.

తగు సమయమున

డైరీలో ఆ పేజీ నకలు జతచేసి, "దూరం తప్పుగా నమోదు చేసినది నేనే" అని సంతకం పెట్టి డిపోకు అర్జీ ఇచ్చాను. మీ ఇద్దరిలో ఒకరు దాన్ని తీసుకుని ముద్ర కూడా వేశారు. మూడు వారాలకు జవాబు వచ్చింది. "తమరి వినతి పరిశీలనలో ఉన్నది, తగు సమయమున తగు చర్య తీసుకొనబడును." కామా కూడా నేను పెట్టిన చోటే ఉంది. సుశీల దాన్ని చదివి, మడిచి, తన సున్నా టికెట్ల పక్కన పెట్టుకుంది.

మీకు నేను చెప్పదలచింది ఒక్కటే. నెలకోరోజు పాసును ఇంట్లో పెట్టి, డబ్బు పెట్టి టికెట్ కొని, మీరు గీసిన స్టేజీల మీదుగా ప్రయాణం చేయండి. ఎక్కడ మనుషులు ఊరు రాకముందే దిగిపోతున్నారో చూడండి. అక్కడ మీ పట్టిక తప్పిందని అర్థం. ఎవరైనా వచ్చి "అర్థం కాలేదు" అంటే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఈసారి మీరు వినండి.

ఆ గీత కదిలేదాకా నేను ప్రతి సోమవారం కోడుమూరు పోయి లింగన్నతో కలిసి బస్సెక్కుతున్నాను. ఇద్దరం కల్వర్టు దగ్గరే దిగి నడుస్తాం. ఈరమ్మ మా ఇద్దరి సంచులూ పెట్టుకుని బస్సులో ముందు పోతుంది. మోకాళ్లు నొప్పి పెడతాయి, ఎండకు కండ్లు బైర్లు కమ్ముతాయి. లింగన్న ఎక్కువ మాట్లాడడు. మొన్న సగం దారిలో ఉన్నట్టుండి అడిగాడు:

"సారూ, ఒక మాటడుగుతా. ఆ కోడి బాగుండిన్యా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "శానా బాగుండింది లింగన్నా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని నడక సాగించాడు.

"పోనీలే సారూ. అదన్నా బాగుండినాది."